ఫోన్‌లో డైరీ రాయాలంటే: ముందు ఫోన్ సంగతి, తర్వాతే యాప్ సంగతి

డైరీ రాసుకోవడానికి మంచి యాప్ చెప్పమని అడిగేవాళ్లు ఎక్కువగా ఫీచర్ల గురించే అడుగుతారు. ఫొటోలు పెట్టుకోవచ్చా, మూడ్ గుర్తులు ఉన్నాయా, రాత్రిపూట కళ్లకు హాయిగా ఉంటుందా. నేను ఎదురు ప్రశ్న ఒకటే వేస్తాను: మీరు రాసింది ఎవరి కంట పడకూడదు? దీనికి జవాబు దొరికితే సగం యాప్‌లు వాటంతట అవే పక్కకు పోతాయి.

ఇంగ్లీషులో దొరికే సలహాలు చాలావరకు ఒక మనిషికి ఒక ఫోన్, ఒక గది, గదికో గొళ్లెం ఉంటాయనుకుని రాసినవి. విజయవాడలో, గుంటూరులో మన ఇళ్లు అలా ఉండవు. అమ్మ ఫోన్‌లో పిల్లాడు గేమ్ ఆడతాడు. అత్తగారు భక్తి పాటలు పెట్టించుకుంటారు. కరెంటు బిల్లు కట్టడానికి ఎవరి ఫోన్ చేతికందితే అదే. పిన్ ఇంటిల్లిపాదికీ తెలుసు, మారిస్తే "ఏం దాస్తున్నావేంటి?" అని సగం నవ్వుతూ, సగం అనుమానంగా అడుగుతారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. మన ఇళ్లలో ఆ తీర్పు ఇంకా వరండా దాటి లోపలికి రాలేదు.

అందుకని ఈ మార్గదర్శి యాప్ పేర్లతో మొదలవదు.

మొదటి మెట్టు: ఎవరి నుంచి దాస్తున్నారో తేల్చుకోండి

ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత చింపేయండి. సాధారణంగా మూడు రకాలవాళ్లు తేలతారు.

మొదటివాళ్లు ఇంట్లోవాళ్లు, హాస్టల్‌లో అయితే రూమ్మేట్లు. వీళ్లకు హ్యాకింగ్ రాదు, అవసరమూ లేదు. మీ ఫోన్ పది నిమిషాలు చేతిలో ఉంటే చాలు. రెండోవాళ్లు ఫోన్ ఎవరి చేతిలో పడుతుందో వాళ్లు: రిపేరు షాపు కుర్రాడు, పండిట్ నెహ్రూ బస్టాండ్ రద్దీలో జేబులోంచి లాగేసినవాడు, ఎక్స్‌ఛేంజ్‌లో పాత ఫోన్ కొనుక్కున్నవాడు. మూడోది యాప్ నడిపే కంపెనీ. మీరు రాసింది దాని సర్వర్ మీద ఉంటుంది, ఆ సర్వర్ నుంచి డేటా బయటికి పొక్కితే మీదీ పొక్కుతుంది.

చాలామంది మూడోదాని గురించి టెన్షన్ పడి మొదటిదాన్ని వదిలేస్తారు. నా లెక్కలో మన దగ్గర డైరీలు బయటపడేది నూటికి తొంభై పాళ్లు ఇంట్లోనే.

ఇక్కడే ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఎవరైనా ఫోన్ బలవంతంగా లాక్కుని తనిఖీ చేసే పరిస్థితి ఉంటే, కొట్టడం, బెదిరించడం ఉంటే, ఏ యాప్ మిమ్మల్ని కాపాడదు. దాచిన యాప్ దొరికితే గొడవ పెద్దదవుతుంది. అలాంటప్పుడు ఆ ఫోన్‌లో ఏదీ రాయకండి. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది. కాల్ లిస్టులో నంబరు కనబడుతుంది కనుక వీలైతే వేరే ఫోన్ నుంచి చేయండి.

రెండో మెట్టు: యాప్ వేసుకునే ముందు ఫోన్‌ను సరిచేయండి

ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. ఇది చేయకుండా ఎంత ఖరీదైన యాప్ కొన్నా దండగే.

సెట్టింగ్స్‌లో వేలిముద్రల దగ్గరికి వెళ్లి ఎన్ని ఉన్నాయో చూడండి. పెళ్లయిన కొత్తలో ముచ్చటగా ఆయన వేలు పెట్టించి ఉంటారు, లేదా పాపాయి ఊరికే అడుగుతోందని దాని వేలు. చాలా ఆండ్రాయిడ్ యాప్‌లు తాళం తీయడానికి ఫోన్‌లో నమోదైన ఏ వేలినైనా ఒప్పుకుంటాయి. అంటే మీ డైరీకి వేలిముద్ర తాళం వేశానని మీరు నిశ్చింతగా ఉంటారు, ఆ తాళం మీ ఆయన బొటనవేలికీ తెరుచుకుంటుంది. ఐఫోన్‌లో ఫేస్ ఐడీకి రెండో ముఖం జోడించే వీలుంది, అది ఎవరిదో చూసుకోండి. ఇంట్లో ఆ వేళ్లు తీసేయడం కుదరదనుకుంటే యాప్‌లో వేలిముద్ర ఆపేసి, ఫోన్ పిన్‌తో సంబంధం లేని వేరే పిన్ పెట్టుకోండి. యాప్‌కి సొంత పిన్ పెట్టుకునే సదుపాయం ఉండాలన్నది నా మొదటి షరతు.

తర్వాత జీమెయిల్. మన ఊళ్లలో చాలామంది పెద్దవాళ్ల, గృహిణుల ఫోన్లలో జీమెయిల్ తెరిచింది షాపు కుర్రాడో, కొడుకో, మరిదో. పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటుంది. రికవరీ నంబరు కూడా వాళ్లదే. ఆ ఖాతాతో డైరీ యాప్‌లోకి లాగిన్ అయితే మీ గది తలుపు వాళ్ల హాల్లోకి తెరిచినట్టే. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ విభాగంలోకి వెళ్తే ఏయే పరికరాల్లో లాగిన్ అయి ఉన్నారో కనబడుతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్, ట్యాబ్, స్మార్ట్ టీవీ అన్నీ అక్కడ తేలతాయి. డైరీ కోసం కొత్త మెయిల్ ఐడీ తెరవడమే సులువు. దానికి రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. అయితే ఆ ఓటీపీ వచ్చే సిమ్ మీ దగ్గరే ఉండాలి.

కీబోర్డు సంగతి ఎవరూ చెప్పరు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా ఉండే గూగుల్ కీబోర్డు జీబోర్డు మీరు తరచూ కొట్టే మాటలు గుర్తుపెట్టుకుని సూచనల్లో చూపిస్తుంది. డైరీలో రోజూ ఒకరి పేరు రాస్తుంటే, రేపు మీ చెల్లెలు మీ ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్ కొడుతుండగా మొదటి అక్షరానికే ఆ పేరు పైకి రావచ్చు. సూచన మీద వేలు నొక్కి పట్టి చెత్తబుట్ట బొమ్మ మీదికి లాగితే పోతుంది. నేర్చుకున్న మాటలన్నీ ఒకేసారి చెరిపేసే వీలు జీబోర్డు సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఉంది. కాపీ చేసినవి క్లిప్‌బోర్డులో కాసేపు నిలిచి ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. నోటితో చెప్పి టైప్ చేయించేవాళ్లకు ఇంకో మాట: మీ గొంతు ఫోన్ దాటి కంపెనీ సర్వర్‌కు వెళ్లవచ్చు. దానికన్నా ముందు పక్కగదికి వెళ్తుంది!

లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్లు ఆపండి. "ఈ రోజు మీ మనసులో ఏముంది?" అని రాత్రి తొమ్మిదింటికి యాప్ అడిగితే అది టీపాయ్ మీద అందరి ముందూ అడుగుతుంది. డైరీలో పెట్టిన ఫొటో గ్యాలరీలోనూ, గూగుల్ ఫొటోస్‌లోనూ అలాగే ఉంటుంది, దాన్ని అక్కడ విడిగా తీసేయాలి. ముందు అది డైరీలో సరిగ్గా చేరిందో లేదో చూసుకుని తీయండి.

మూడో మెట్టు: తాళానికీ ఎన్‌క్రిప్షన్‌కీ తేడా పట్టుకోండి

యాప్ లాక్ అంటే తెర మీద అడ్డు. షావొమీ, రియల్‌మీ, వివో లాంటి ఫోన్లలో ఏ యాప్‌కైనా ఇలాంటి లాక్ వేయవచ్చు. ఇంట్లోవాళ్లకు ఇది సరిపోతుంది. కానీ లోపల రాత మామూలు అక్షరాల్లోనే ఉండవచ్చు. ఎన్‌క్రిప్షన్ అంటే రాతనే తాళంచెవి లేనిదే ఎవరికీ అర్థంకాని గజిబిజిగా మార్చేయడం.

ఇక్కడ కంపెనీలు కాస్త మాయ చేస్తాయి. "మీ డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంది" అని దాదాపు అందరూ రాస్తారు. అడగాల్సింది తాళంచెవి ఎవరి దగ్గర ఉందని. గూగుల్ డాక్స్, కీప్, నోషన్ లాంటి వాటిలో మామూలు ఖాతాలకు తాళంచెవి కంపెనీ దగ్గర కూడా ఉంటుంది, అద్దె ఇంటికి ఓనరు దగ్గర రెండో తాళంచెవి ఉన్నట్టు. ఓనరు మంచివాడే కావచ్చు, కానీ తలుపు తీయగలడు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే ఆ రెండో తాళంచెవి లేకపోవడం. దానికో ఖరీదు ఉంది. పాస్‌వర్డ్, రికవరీ కీ (పాస్‌వర్డ్ మరిచిపోతే వాడుకోవడానికి యాప్ ఇచ్చే అక్షరాల వరస) రెండూ పోతే కంపెనీ కాళ్లావేళ్లా పడ్డా మీ రాత తిరిగి రాదు.

ఒక పరీక్ష చెబుతాను. యాప్ సహాయ పేజీలో "పాస్‌వర్డ్ మరిచిపోతే" అన్న భాగం చదవండి. మెయిల్‌కి లింకు పంపుతాం, కొత్తది పెట్టుకోండి, పాత రాతలన్నీ అలాగే ఉంటాయి అంటే చాలావరకు తాళంచెవి వాళ్ల దగ్గరా ఉన్నట్టే. ఈ మధ్య మీ రాతను చదివి సారాంశం చెప్పే ఏఐ సదుపాయాలు కూడా పెడుతున్నారు. అలాంటిది ఆన్ చేసేముందు రాత ఫోన్‌లోనే ఉంటుందా, సర్వర్‌కు వెళుతుందా అన్నది చదవండి. స్పష్టంగా చెప్పకపోతే ఆఫ్‌లో ఉంచడమే మేలు.

నాలుగో మెట్టు: మీకు సరిపడేదేదో చూసుకోండి

ఐఫోన్ ఉన్నవాళ్లకు ఆపిల్ జర్నల్ ఫోన్‌తోనే వస్తుంది. 2023 డిసెంబరులో ఐఓఎస్ 17.2తో మొదలైంది. ఉచితం, ఐక్లౌడ్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. కానీ దాని తాళం ఫేస్ ఐడీతో లేదా ఫోన్ పాస్‌కోడ్‌తో తెరుచుకుంటుంది. ఇంట్లో పాస్‌కోడ్ తెలిసినవాళ్లుంటే దీని వల్ల లాభం లేదు. ఆపిల్ నోట్స్‌లో అయితే తాళం వేసిన నోట్లకు వేరే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త, తాళం వేసినా శీర్షిక బయటికి కనబడుతూనే ఉంటుంది. మొదటి వరుసలో "వంట సామాను" అని రాసి కింద అసలుది రాసుకోండి.

డే వన్ పేరున్నది. 2011 నుంచి ఉంది, 2021లో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ నడిపే ఆటోమాటిక్ కంపెనీ కొన్నది. డైరీ కోసమే తీర్చిదిద్దిన యాప్ కాబట్టి వాడటం హాయిగా ఉంటుంది, సొంత పాస్‌కోడ్ పెట్టుకోవచ్చు, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. పూర్తి సదుపాయాలకు ఏటా డబ్బు కట్టాలి.

డబ్బు పెట్టకుండా గట్టి రక్షణ కావాలంటే స్టాండర్డ్ నోట్స్ చూడండి. ఎవరైనా పరిశీలించేలా దాని కోడ్ బహిరంగంగా ఉంది. 2024లో స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రోటాన్ సంస్థలో చేరింది. ఉచిత ప్లాన్‌లో మామూలు అక్షరాలు తప్ప అలంకారాలుండవు. డైరీకి అంతకన్నా ఏం కావాలి? నోట్స్‌నూక్ కూడా ఇదే తరహా, చూడ్డానికి దానికన్నా ముచ్చటగా ఉంటుంది.

అబ్సిడియన్, జాప్లిన్ అనే నోట్స్ యాప్‌లు కంప్యూటర్ అలవాటున్నవాళ్లకు. అబ్సిడియన్ మీ రాతలను మీ పరికరంలోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంచుతుంది. కంపెనీ రేపు మూతపడ్డా ఫైళ్లు మీవే. కానీ ఆ ఫైళ్లకు తాళం ఉండదు, ఫోల్డర్ తెరిచినవాళ్లు ఎవరైనా చదవొచ్చు. జాప్లిన్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కానీ మీరే ఆన్ చేయాలి. ఆన్ చేసినా అది సింక్ అయ్యే, అంటే నెట్ ద్వారా మీ మిగతా పరికరాలకు చేరే కాపీకే, మీ కంప్యూటర్‌లో ఉన్న కాపీకి కాదు. ఒకే కంప్యూటర్ నలుగురు వాడే ఇంట్లో ఈ రెండూ వద్దంటాను.

శాంసంగ్ ఫోన్ వాడేవాళ్లకు మాత్రం వెతుకులాటే అక్కర్లేదు. చాలా మోడళ్లలో సెక్యూర్ ఫోల్డర్ ఉంటుంది. దానికి విడి పిన్, లోపల విడిగా నోట్స్, గ్యాలరీ. ఆ ఐకాన్‌ను కూడా కనబడకుండా చేయవచ్చు. ఆండ్రాయిడ్ 15తో వచ్చిన ప్రైవేట్ స్పేస్ కూడా ఇలాంటిదే, అన్ని కంపెనీల ఫోన్లలో దొరకదు. రెండింట్లోనూ ఫోన్ మార్చేటప్పుడు లోపలివి తమంతట తాము కొత్త ఫోన్‌లోకి వస్తాయనుకోవద్దు, ముందే బయటికి తీసుకోవాలి.

వాట్సాప్‌లో తనకు తానే మెసేజ్ పెట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. చాట్ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షనే, చాట్ లాక్ కూడా ఉంది. కానీ గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లే బ్యాకప్‌కు ఆ రక్షణ మీరు విడిగా ఆన్ చేస్తేనే వస్తుంది, ఆ వీలు 2021 నుంచి ఉంది. అసలు ప్రమాదం అది కాదు. నిద్రమత్తులో మీకు పంపుకోబోయింది "మన కుటుంబం" గ్రూపులో పడటం. వాట్సాప్‌ను డైరీగా వాడొద్దు.

ఐదో మెట్టు: తెలుగులో పరీక్షించండి

యాప్ బాగుందని రివ్యూలు రాసేవాళ్లలో దాన్ని తెలుగులో వాడి చూసినవాళ్లు తక్కువ. అందుకని ఈ పరీక్ష మీరే చేయాలి. అరగంట పట్టదు.

ముందు ఒత్తులు, గుణింతాలు దట్టంగా ఉన్న ఒక పేరా కొట్టండి. స్వాతంత్ర్యం, లక్ష్మి, జ్ఞాపకం, ఉష్ణోగ్రత లాంటి మాటలు ఉండాలి. కింది ఒత్తులు తర్వాతి వరుసలోకి దిగబడి తెగిపోతున్నాయేమో చూడండి. అక్షరం సైజు పెంచి మళ్లీ చూడండి.

తర్వాత వెతకడం. డైరీకి ప్రాణం ఇదే. మూడేళ్ల తర్వాత "అమ్మ ఆపరేషన్" ఎప్పుడో తెలుసుకోవాలంటే వెతుకులాట పనిచేయాలి. పెళ్లి, పెళ్ళి రెండూ మన రాతల్లో కనబడతాయి, కానీ ఒకటి కొట్టి వెతికితే చాలా యాప్‌లు రెండోదాన్ని చూపించవు. వెళ్లాను, వెళ్ళాను కూడా అంతే. ఇంకో చిక్కు కంటికి కనబడదు. బస్‌లో, ఫోన్‌లో లాంటి మాటల మధ్య పొల్లు నిలబెట్టడానికి ఒక అదృశ్య అక్షరం ఉంటుంది. ఒక కీబోర్డు అది పెడుతుంది, ఇంకోటి పెట్టదు. చూడ్డానికి దగ్గరగానే ఉన్నా యాప్‌కి అవి వేరు వేరు మాటలు. పరిష్కారం పెద్దదేం కాదు. ఒకే కీబోర్డు, ఒకే అక్షరక్రమం పట్టుకోండి. ముఖ్యమైన రోజులకు అమ్మ, ఉద్యోగం, గొడవ అని చిన్న చిన్న ట్యాగులు పెట్టండి. కొన్నాళ్లు తెలుగు లిపిలో, కొన్నాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లు ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి, లేకపోతే సగం డైరీ వెతుకులాటకు అందదు.

నెట్ ఆపేసి కూడా ఒకసారి రాసి చూడండి. విజయవాడ, గుంటూరు మధ్య రైల్లో రాసుకునేవాళ్లకు ఇది అవసరం. నెట్ లేనప్పుడు రాసింది తర్వాత సరిగ్గా చేరుతోందో లేదో తేలాలి.

ఆరో మెట్టు: లోపలికి వెళ్లేముందు బయటికి వచ్చే దారి చూడండి

యాప్‌లు మారతాయి, నియమాలు మారతాయి. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 నోట్లకు పరిమితం చేసింది. ఏళ్ల తరబడి అందులో ఉచితంగా రాసుకున్నవాళ్లు పాతవి చదువుకోగలిగారు కానీ కొత్తది రాయాలంటే డబ్బు కట్టాలి, లేదా పాతవి తీసేయాలి, లేదా సర్దుకుని వెళ్లిపోవాలి.

తెలుగువాళ్లకు ఈ పాఠం పాతదే. ఏలూరు రోడ్డులో అచ్చుపని చేయించినవాళ్లకు అను ఫాంట్లు గుర్తుండే ఉంటాయి. ఆ ఫాంట్లలో కొట్టిన పాత ఫైలు ఇవాళ మామూలు కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరస వస్తుంది, దాన్ని ఇవాళ అన్ని పరికరాలూ చదివే యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే. మీ డైరీకి ఆ గతి పట్టకుండా చూసుకోండి.

పది రోజుల రాత చేరాక, అంతకన్నా ముందైనా సరే, ఎక్స్‌పోర్ట్ (రాసిందంతా ఫైలుగా బయటికి తీసే వీలు) నొక్కి చూడండి. టెక్స్ట్, మార్క్‌డౌన్, హెచ్‌టీఎంఎల్ వీటిలో ఏదో ఒకటి రావాలి. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే సరిపోదు. తెలుగు పీడీఎఫ్ చూడ్డానికి బాగానే ఉంటుంది, అందులోంచి కాపీ చేస్తే ఒత్తులు చెల్లాచెదురైన సందర్భాలు మనందరం చూసినవే. వచ్చిన ఫైలును వేరే యాప్‌లో తెరవండి. తేదీలు ఉన్నాయా, ఫొటోలు వచ్చాయా చూడండి. చూశాక ఆ ఫైలును డౌన్‌లోడ్స్ నుంచి, ఆ తర్వాత రీసైకిల్ బిన్ నుంచి తీసేయడం మరవకండి. ఎక్స్‌పోర్ట్ ఫైలుకు సాధారణంగా ఏ తాళమూ ఉండదు.

ఏడో మెట్టు: పాస్‌వర్డ్, కాపీలు

పుట్టినరోజు, బండి నంబరు, పిల్లల పేరు వద్దు. ఇంట్లోవాళ్లు మొదట ప్రయత్నించేవి అవే. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టండి: గొడుగు, పులిహోర, బెంజ్ సర్కిల్, మంగళవారం లాగా. ఇవే పెట్టుకోకండి, ఇప్పుడు చదివినవాళ్లందరికీ తెలిసిపోయాయి. రికవరీ కీ ఇచ్చే యాప్ అయితే దాన్ని స్క్రీన్‌షాట్ తీయొద్దు, గ్యాలరీలోకి పోతుంది. కాగితం మీద రాసి, అది దేనిదో రాయకుండా, మీ సర్టిఫికెట్ల ఫైలులో పెట్టండి.

కాపీ ఒకటి ఇంటి బయట ఉండాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు బీరువాలో కాగితాలు, కింద గదిలో కంప్యూటర్లు రెండూ మునిగాయి. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో సింక్ అయ్యే యాప్ అయితే ఒక కాపీ ఎలాగూ దూరంగా ఉంటుంది. ఫైళ్లు మీ దగ్గరే ఉంచుకునేవాళ్లు ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే క్రిప్టోమేటర్ యాప్‌తో తాళం వేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. లేదంటే అలాంటిదే అయిన వెరాక్రిప్ట్‌తో తాళం వేసిన పెన్‌డ్రైవ్ నమ్మకమైన స్నేహితుల ఇంట్లో ఉంచవచ్చు. తాళం ఉంది కాబట్టి వాళ్లు చదువుతారన్న బెంగ ఉండదు. నెట్ సెంటర్‌లో, ఆఫీసు కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి డైరీలోకి లాగిన్ కావద్దు.

రిపేరుకి ఇచ్చేటప్పుడు

స్క్రీన్ పగిలి షాపుకి తీసుకెళితే "పిన్ చెప్పండి మేడమ్, టచ్ చెక్ చేయాలి" అంటారు. మనం మొహమాటానికి చెప్పేస్తాం. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ అని ఉంటాయి. అది ఆన్ చేసి ఇస్తే మీ యాప్‌లు, ఫొటోలు ఏవీ కనబడని ఖాళీ ఫోన్ వాళ్లకు కనిపిస్తుంది. వేరే కంపెనీ ఫోన్ అయితే కౌంటరు దగ్గర నిలబడి మీరే అన్‌లాక్ చేసి చూపించండి. పాత ఫోన్ అమ్మేటప్పుడు ముందు ఖాతాల నుంచి బయటికి వచ్చి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

మీ తర్వాత

ఇది అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది, కానీ డైరీ పెట్టుకున్నవాళ్లు ఆలోచించుకోవాల్సిందే. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది. మీరు పెట్టిన గడువు దాటినా ఖాతా వాడకపోతే మీరు చెప్పినవాళ్లకు డేటా అందించడమో, ఖాతా చెరిపేయడమో చేస్తుంది. ఏదీ పెట్టకపోయినా 2 ఏళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్‌ను, అంటే మీ తర్వాత మీ ఆపిల్ ఖాతా డేటా తీసుకోగల మనిషిని, పెట్టుకోవచ్చు. కానీ స్టాండర్డ్ నోట్స్ లాంటి వాటిలో రాసింది ఈ దారుల్లో బయటికి రాదు. పిల్లలు ఎప్పటికైనా చదవాలని మీకుంటే రికవరీ కీ కవర్లో పెట్టి, సీలు వేసి, వీలునామా కాగితాలతో ఉంచండి. ఎవరూ చదవకూడదనుకుంటే కీని ఎవరికీ చెప్పకండి, తాళం లేని ఎక్స్‌పోర్ట్ ఫైలు ఎక్కడైనా మిగిలిందేమో ఇవాళే వెతికి తీసేయండి.